ముందు కూర్చుని తినండి

యథార్థ గాథ

"నిన్న రాత్రి ఏం తిన్నారు?"

"రెండు పుల్కాలమ్మా, బీరకాయ కూర."

"ఎక్కడ కూర్చుని తిన్నారు?"

ఆమెకు జవాబు తోచలేదు. పక్కనున్న భర్త వైపు చూసింది. ఆయనకూ తెలియలేదు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా రాత్రిపూట భార్య ఎక్కడ తింటుందో ఆయన ఎప్పుడూ గమనించలేదు. ఆమె అసలు కూర్చునేది కాదు. అందరూ తిని లేచాక వంటగట్టుకు ఆనుకుని, గిన్నెలు సర్దుతూ, మూకుడులో మిగిలిన కూరను పుల్కాతో తుడుచుకుని తినేది.

విజయవాడలో ఓ ఆస్పత్రి, డైటీషియన్ గది. కార్తికం వెళ్లిన వారం. బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఒప్పుకున్న సర్జన్, రెండు నెలల పాటు తిండి అలవాట్లు మార్చుకుని రమ్మని ఆమెను అక్కడికి పంపారు. ఏమేం మానేయాలో చెబుతారని ఆమె అనుకుంది. అన్నం, నెయ్యి, స్వీట్లు, వేపుళ్లు... ఆ జాబితా ఆమెకు కంఠతా వచ్చు. కూతురి కన్నా నాలుగైదేళ్లు పెద్దదిగా కనిపించిన ఆ డైటీషియన్ మాత్రం ఆ రోజు ఏదీ మానమనలేదు.

"ముందు కూర్చుని తినండమ్మా, పళ్లెం పెట్టుకుని. నోట్లోకి వెళ్లిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాయండి. ఎన్నింటికి తిన్నారు, నిలబడి తిన్నారా, కూర్చుని తిన్నారా, ఆకలేసి తిన్నారా, ఊరికే తిన్నారా... అన్నీ రాయండి. రెండు వారాలయ్యాక మాట్లాడుకుందాం."

బస్సులో తిరిగొస్తూ ఆమె భర్తతో అంది: "ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పించుకోడానికా అండీ?"

104 కిలోలు

ఆమెది తెనాలి దగ్గర ఊరు. వయసు నలభై నాలుగు. భర్తకు ఎరువుల కొట్టు ఉంది. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కూతురు. కొడుకు ఇంజనీరింగ్‌కని చెన్నై వెళ్లాడు. పెళ్లినాడు సన్నగా ఉండేది. ఇద్దరు పిల్లలు పుట్టాక బరువు పెరగడం మొదలై, ఏటా కొంచెం కొంచెంగా 104 కిలోల దాకా వచ్చింది. ఎత్తు 157 సెంటీమీటర్లు. ఎత్తుకూ బరువుకూ ఉన్న పొంతన చెప్పే కొలత బీఎంఐ. అది ఆమెకు 42. షుగర్ ఉంది, బీపీ ఉంది, మోకాళ్లు అరిగాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కూడా ఉందని పరీక్షల్లో తేలింది. పొద్దున్నే తలనొప్పితో లేవడానికీ, పగలంతా కునికిపాట్లకూ కారణం అదే.

ఆమె ప్రయత్నించలేదని ఎవరూ అనడానికి లేదు. తేనె, నిమ్మరసం తాగింది. ఒంటిపూట భోజనం చేసింది. ఎవరో అమ్మిన పౌడర్ డబ్బాలు కొంది. ప్రతిసారీ నాలుగైదు కిలోలు తగ్గేది, మానగానే అంతకు మించి పెరిగేది. బంధువుల పెళ్లికి వెళితే పలకరింపు కన్నా ముందు బరువు మాటే వచ్చేది. "నోరు కట్టుకోవే" అని ఆమె కన్నా ఎక్కువ తినేవాళ్లు కూడా సలహా ఇచ్చేవారు.

ఆమె ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 36 మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో నూటికి 30 మంది. వీళ్లందరికీ ఆపరేషన్ అవసరం లేదు. మన దేశంలో వైద్యులు సాధారణంగా బీఎంఐ 37.5 దాటినవారికీ, షుగర్ లాంటి జబ్బులు తోడైతే 32.5 దాటినవారికీ దీన్ని సూచిస్తారు. ఆరోగ్య బీమా వర్తించాలంటే గీత ఇంకా పైన ఉంటుంది: బీఎంఐ 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో 35 ఉండాలి.

ఆమెకు సూచించింది స్లీవ్ ఆపరేషన్. పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, వాటిగుండానే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం భాగాన్ని కత్తిరించి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసే భాగంలోనే. కాబట్టి కొన్నాళ్లపాటు ఆకలీ తగ్గుతుంది. "ఇంక నేను తినాలన్నా తినలేనన్నమాట" అనుకుని ఆమె ధైర్యపడింది. ఆ నమ్మకం సగమే నిజమని చెప్పింది డైటీషియన్ రాయమన్న ఆ పుస్తకమే.

పద్దు పుస్తకం

కొట్లో వాడకుండా మిగిలిన పద్దు పుస్తకం ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టుకుంది. మొదటి రోజు పేజీ ఇలా ఉంది.

ఉదయం 6: టీ, రెండు చెంచాల పంచదార, నిలబడి. 8.30: అమ్మాయి వదిలేసిన ఇడ్లీ, పల్లీ చట్నీ, నిలబడి. 9.30: నా టిఫిన్, మూడు ఇడ్లీలు, నిలబడి. 11: ఉప్పు చూడటానికి పులుసు, రెండుసార్లు. వేపుడు ముక్కలు నాలుగు. 11.30: టీ. మధ్యాహ్నం 3: అన్నం, పప్పు, వేపుడు, ఆవకాయ, నెయ్యి, పెరుగు. గిన్నెలో కాస్త అన్నం మిగిలితే అదీ. సాయంత్రం 4.30: చేగోడీలు ఓ గుప్పెడు. 5: టీ. రాత్రి 9.45: రెండు పుల్కాలు. 10.30: అత్తయ్య సగం తాగి వదిలిన పాలు.

రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఎవరడిగినా ఆమె "రెండు పూటలా భోజనం, అంతే" అని చెప్పేది. అది అబద్ధం కాదు, ఆమె నిజంగా అలాగే అనుకునేది. పళ్లెంలో పెట్టుకుని తిన్నదే తిండి కింద లెక్క. గట్టు దగ్గర నోట్లో వేసుకున్నది పనిలో భాగం. పిల్ల వదిలేసింది పారేయలేక, మిగిలిన అన్నం రేపటికి పాచిపోతుందని, ఉప్పు చూడాలని, పాలు ఒలకబోయకూడదని తిన్నది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగిన మనిషి. ఆ ఇంట్లో మిగిలిందల్లా చేరేది ఆమె కడుపులోకే.

రెండు వారాల పేజీలూ చదివి డైటీషియన్ పుస్తకం మూసింది.

"ఆపరేషన్ తర్వాత కూడా మీరు ఇలాగే తినగలరమ్మా."

"అదేంటి, పట్టదు కదా?"

"ఒక్కసారి కంచం నిండా పెట్టుకుంటే పట్టదు. గుప్పెడు చేగోడీలు పడతాయి. అరగ్లాసు పాలు పడతాయి, పంచదార వేసిన టీ పడుతుంది. గంట గంటకూ పడుతూనే ఉంటాయి. చిన్న కడుపు పెద్ద భోజనాన్ని ఆపుతుంది. రోజంతా కొంచెం కొంచెం తినేదాన్ని ఆపలేదు. సర్జరీ చేయించుకుని కూడా రెండు మూడేళ్లకు మళ్లీ బరువు పెరిగిన వాళ్లలో చాలామంది కథ ఇదే."

నమిలే పని లేకుండా జారిపోయేవి, నోట్లో వేయగానే కరిగిపోయేవి ఆ సన్నని గొట్టంలో ఆగవు. ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్, బిస్కెట్, మిక్చర్ ఇలాంటివే. ఆమెకు ఆ రోజు అర్థమైంది, సర్జన్ కత్తి అందుకోలేని చోటు తన రోజులో చాలా ఉందని.

అన్నం చివర

అప్పటినుంచి శిక్షణ మొదలైంది. సర్జరీ తర్వాత ఎలా తినాలో ముందే అలవాటు చేసుకోవాలి, ఆపరేషన్ నొప్పుల మధ్య కొత్తగా నేర్చుకోవడం కష్టం. చిన్న పళ్లెం. రోజుకు మూడు పూటలు, అవసరమైతే మధ్యలో ఒకసారి, అన్నీ వేళ ప్రకారం. ప్రతి ముద్దా మెత్తని గుజ్జయ్యేదాకా నమలాలి. భోజనానికి ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. నీళ్లు మాత్రం రోజంతా గుక్క గుక్కగా తాగాలి.

చదివితే ఇవి చిన్న నియమాల్లాగే కనిపిస్తాయి. తెలుగింటి భోజనానికి మాత్రం ఇవి అడుగడుగునా అడ్డం వస్తాయి. మనది అన్నం మీద నడిచే భోజనం. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, చారన్నం, పెరుగన్నం. వరస మారుతుంది కానీ అన్నం మారదు. చారన్నం, మజ్జిగన్నం నమిలే అలవాటు మనకు లేదు, జుర్రుకోవడమే. పక్కన నీళ్ల చెంబు ఉండాల్సిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ సంగతే పట్టి చూపాయి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదట, మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

డైటీషియన్ ఆ వరసను తలకిందులు చేసింది. మొదట మాంసకృత్తులు: గుడ్డో, చేపో, చిక్కని పప్పో. తర్వాత కూర. అన్నం చివర, చోటుంటేనే. కడుపు చిన్నదయ్యాక మొదటి నాలుగు ముద్దలే పోషణ. అవి అన్నంతో నిండిపోతే కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. గుడ్డులో 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో 6, చిక్కని పప్పు ఓ కప్పులో 7, వంద గ్రాముల చేపలో దాదాపు 20. ఆ లెక్కలన్నీ పద్దు పుస్తకం అట్ట వెనక రాసుకుంది. శనివారం ఇంట్లో నీచు ముట్టరు. ఆ రోజుకు సెనగ గుగ్గిళ్లు, పనీర్, పెసరట్టు.

అత్తగారికి ఇది మింగుడుపడలేదు.

"పెరుగన్నం తినకుండా లేస్తే అదేం భోజనం అమ్మాయ్? జొరమొచ్చినోళ్లు కూడా ఇంతకన్నా ఎక్కువ తింటారు."

"పెరుగు తింటన్నా అత్తయ్యా, గిన్నెలో వేసుకుని చెంచాతో. అన్నం లేదు, అంతే."

"ఎట్టా ఉంటావు అట్టా?"

ఆమె దగ్గర సమాధానం లేదు. ఎలా ఉండాలో తనకూ తెలియదు. కానీ కూర్చుని, నెమ్మదిగా నమిలి తిన్న రోజుల్లో మధ్యాహ్నం చేయి చేగోడీల డబ్బా మీదకు తక్కువ వెళుతోందని పుస్తకం చెబుతోంది. వెళ్లిన రోజుల సంగతి ఆస్పత్రిలో మనస్తత్వ నిపుణురాలు అడిగారు. సర్జరీకి ముందు ఆ పరీక్ష కూడా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే ఎందుకు? ఆమె కాసేపు ఆలోచించి, ఏడ్చేసింది. కొడుకు కాలేజీ నుంచి ఇంటికొచ్చే వేళ అది. వాడు చెన్నై వెళ్లాక ఆ వేళకు ఇల్లు బావురుమంటుంది. ఆ గంట గడవడానికి ఆమెకు తెలిసిన దారి ఆ డబ్బా ఒక్కటే. ఆ రోజునుంచి నాలుగున్నరకు కొడుక్కి ఫోన్ చేసి, మాట్లాడుతూ డాబా మీద నడవడం మొదలుపెట్టింది.

భోగి రాత్రి, కనుమ పగలు

సంక్రాంతి వచ్చింది. ఆడపడుచులు పిల్లలతో దిగారు. అరిసెల పాకం పట్టడంలో ఆ ఇంట్లో ఆమెదే చెయ్యి. నీళ్లలో వేసి ఉండ కడుతుందో లేదో చూసి దించడం, పిండి కలపడం, నూనెలోంచి తీసి చెక్కల మధ్య ఒత్తడం... పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే. వచ్చినవాళ్లకు వడ్డనలు, మళ్లీ టీలు. మధ్యాహ్నం తన భోజనం వేళ దాటిపోయింది. పిల్లలంతా తిన్నాక తిందామనుకుంది, అదీ కుదరలేదు.

రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక సామాన్ల గదిలోకి వెళ్లింది. లైటు వేయలేదు. డబ్బా మూత తీసి, నిలబడే, అరిసెలు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు తినేసింది. రుచి కూడా తెలియలేదు. తర్వాత అక్కడే బియ్యం బస్తా మీద కూలబడింది. ఇక సర్జరీ వద్దని చెప్పేద్దామా అనిపించింది. చాలాసేపటికి లేచి వంటగదిలోకి వెళ్లి పుస్తకం తెరిచింది. "రాత్రి 11: అరిసెలు నాలుగు, నిలబడి, చీకట్లో" అని రాసింది.

తెల్లారి డైటీషియన్‌కు ఫోన్ చేసింది, తిట్టించుకోవడానికి సిద్ధపడే.

"మధ్యాహ్నం ఎన్నింటికి తిన్నారమ్మా?"

"తినలేదు."

"మరి రాత్రికి ఆకలేయదా? పండక్కి ఒక అరిసె పళ్లెంలో పెట్టుకుని, అందరితో కూర్చుని తింటే నేనేమీ అనను. మీరు దారి తప్పింది రాత్రి కాదు, మధ్యాహ్నం. రేపు, ఎల్లుండి మీ భోజనం వేళకు అయిపోవాలి. అది చూడండి చాలు."

ఈ మాటలు ఆమె భర్త కూడా విన్నాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. కనుమ నాడు ఇంటినిండా బంధువులు. కోడికూర, గారెలు. పన్నెండున్నరకు ఆయన వంటగదిలోకి వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"నువ్వు ముందు తిను. వడ్డన మేం చూసుకుంటాం."

"వచ్చినోళ్లు తినకుండానా?"

"వాళ్లకు ఓ పావుగంట ఆలస్యమైతే ఏం కాదు."

అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. వారించలేదు. ఆ ఇంట్లో పండగనాడు కోడలు బంధువులకన్నా ముందు పళ్లెం ముందు కూర్చోవడం అదే మొదటిసారి. కోడికూర ముక్కలు, కాస్త ఆకుకూర, ఒక గారె. నెమ్మదిగా నమిలి తిని లేచింది. ఆ రాత్రి సామాన్ల గదివైపు వెళ్లాలని ఆమెకు అనిపించలేదు.

పండగ వెళ్లాక ఇంకో మార్పు వచ్చింది. అది తెచ్చింది అత్తగారే. పొద్దున బియ్యం పోసేటప్పుడు సోలతో కొలిచి, ఒక గిద్దెడు వెనక్కి పోసింది. "మిగలడం, అది నువ్వు తినడం ఎందుకు?" అంది. ఉప్పు చూసే పని కూతురికి అప్పగించారు. ఎవరి పళ్లెంలో మిగిలింది వాళ్లే తీయాలన్నది ఆ ఇంటి కొత్త నియమం.

కాలేయం కోసం రెండు వారాలు

ఫిబ్రవరి మొదటి వారంలో అసలు కఠినమైన ఘట్టం మొదలైంది. సర్జరీకి ముందు రెండు వారాలు, కొన్నిచోట్ల నాలుగు వారాలు, రోజుకు 800 నుంచి 1000 కేలరీల ఆహారం మీదే ఉంచుతారు. ఆమెకు ఇచ్చింది ఎక్కువగా ద్రవాలే: పలచని మజ్జిగ, పప్పు కట్టు, వడకట్టిన కూరగాయల సూప్, నీళ్లలో కలిపిన ప్రొటీన్ పౌడర్.

దీనికి కారణమేమిటో సర్జన్ బొమ్మ గీసి చూపించారు. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని కప్పి ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే కింద పని చేయగలరు. ఊబకాయంతో కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం సరిగా లేవదు, చీరుకుని రక్తస్రావమూ కావచ్చు. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను, దాంతోపాటు ఉన్న నీటిని ఖర్చుచేస్తుంది. కొవ్వూ కరుగుతుంది. రెండు వారాల్లోనే అది కుదించుకుని మెత్తబడుతుంది.

మూడో రోజు తల పగిలిపోయింది. అయిదో రోజు కూతురి మీద ఊరికే అరిచింది, తర్వాత దగ్గరకు తీసుకుంది. వారం తిరిగేసరికి ఆకలి కాస్త మొద్దుబారింది. షుగర్ పరీక్షలో అంకె చూసి భర్త రెండోసారి చేయించాడు. అంత తగ్గింది. మందుల మోతాదు డాక్టర్లు మొదటి రోజునుంచే తగ్గించారు. ఇది ప్రతి పాఠకుడూ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. తిండి ఒక్కసారిగా తగ్గించి, పాత మోతాదులోనే షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడితే షుగర్ ప్రాణం మీదకు వచ్చేంతగా పడిపోవచ్చు. ఈ ఆహారాన్ని డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లో ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఈలోగా ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు జరిగాయి. బి12, విటమిన్ డి తక్కువని తేలితే ముందే సరిచేశారు. రాత్రిళ్లు ముక్కుకు మాస్కుతో ఊపిరికి సాయపడే యంత్రం పెట్టుకుని పడుకుంది. ఊపిరితిత్తుల బలానికి మూడు బంతుల పరికరంతో గాలి పీల్చడం సాధన చేసింది. ఫిబ్రవరి మూడో వారంలో ఆస్పత్రిలో చేరేనాటికి ఆమె బరువు 97 కిలోలు.

తర్వాత

ఆపరేషన్ సాఫీగా జరిగింది. "లివర్ చక్కగా లేచింది" అని సర్జన్ బయటికొచ్చి భర్తతో చెప్పారు. ఆ ఒక్క మాటలో ఆమె రెండు వారాల కష్టం ఉంది.

మొదట గుక్కెడు గుక్కెడుగా ద్రవాలు, ఆపై మెత్తగా చిదిమినవి, తర్వాత మెత్తని ఆహారం, దాదాపు రెండు నెలలకు మామూలు తిండి. ఆ దశల్లో కొందరు గబగబా మింగి ఛాతీలో పట్టేసి వాంతులతో అల్లాడుతుంటే, ఆమెకు ఆ బాధ చాలా తక్కువైంది. నమలడం, నీళ్లకు ఆగడం అప్పటికే చేతికొచ్చిన విద్యలు. ఏడాది తిరిగేసరికి బరువు 76 కిలోలు. షుగర్ మాత్రలు ఒకటికి తగ్గాయి. మోకాళ్లు నొప్పిపెట్టకుండా గుడి మెట్లెక్కుతోంది. విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు మాత్రం జీవితాంతం తప్పవు.

ఇప్పుడు ఆమెకు మళ్లీ ఆకలి తెలుస్తోంది. తొలి నెలల్లో మాయమైన ఆకలి ఏడాది దాటాక చాలామందికి తిరిగొస్తుంది. డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి ఆమె కంగారుపడలేదు. పద్దు పుస్తకం ఇప్పటికీ రాస్తోంది, ఇది మూడోది.

బరువున్న ఆడమనిషిని చూసి మనం తిండి గురించి తీర్పులు చెబుతాం. ఆమె తిండి వెనక ఇంటి చాకిరీ ఎంతుందో, వేళ తప్పిన భోజనాలు ఎన్నో, పారేయలేక మింగినవి ఎన్నో అడగం. ఈ కథలో సర్జన్ తన పని చేశారు, డైటీషియన్ తన పని చేసింది. మిగతా పని చేయాల్సింది ఇల్లు, ఆ ఇల్లు చేసింది. మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతుంటే డబ్బు సర్దడంతో మీ బాధ్యత తీరదు. డైటీషియన్ దగ్గరకు మీరూ వెళ్లండి. బియ్యం కొలత తగ్గించండి. వడ్డన మీరు అందుకోండి. మిగిలింది ఆమె మీదకు నెట్టకండి. సర్జరీ తేదీ వచ్చేలోపే ఇవన్నీ మొదలుపెట్టండి, ఆ తర్వాత ఆపకండి.